మిషను మంచిదే

మునికుమారి ఎడమచేతికి పట్టీ చుట్టి
మూడు చోట్ల మూడుసార్లు బ్యాటరీలు మార్చినారంట.
కొర్లగుంట క్లినిక్కులో నర్సు బీపీ మిషనును అరచేత్తో తట్టి
"చెడిపొయ్యింది మా, రేపు రా" అనిందంట.

రేపెట్లా వస్తుంది?
తెల్లారి మూడుకే కొండబస్సు.
కల్యాణకట్టలో తడిపిన తలలు
ఆమె కోసం వరసగా కూర్చోని ఉంటాయి.
కుడిచేతిలో కత్తి. ఎడమచెయ్యి తలను పట్టుకోవాల,
ఏడ్చే పసిబిడ్డదైతే గుమ్మడిపిందెను పట్టినట్టు,
నిద్రలేక తూగే పెద్దాయనదైతే
ఊడిన తలుపును నిలబెట్టినట్టు.
ఈ మధ్య పదో తలకే ఆ చెయ్యి
వేరేవాళ్ల చెయ్యి అయిపోతా ఉందంట.

మెడనరం అన్నారొకరు. రక్తం తక్కువన్నారింకొకరు.
అత్త మాత్రం,
"ఊళ్లోవాళ్ల మొక్కులన్నీ దించి దించి
నీ భుజాన కూర్చోబెట్టుకుంటివి గదే" అనింది.

ఆ సోమవారం ఓపీలో నూట పన్నెండో చీటీ ఆమెది.
నేను డాక్టరునై నాలుగు నెలలు.
మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టినాను.
ఏమీ లేదు.
జరిపినాను. ఒత్తినాను.
నా నాడే నా వేలికొసల్లో కొట్టుకుని
ఒకసారి మోసం చేసింది.
కుడిచేతిలో మాత్రం పొద్దుటి సంత.

"దొరకలేదా మేడమ్?
అయితే నేను చచ్చి ఎన్నాళ్లయింటాది?"
వెనక వరసలో ఎవరో నవ్వినారు. ఆమె కూడా.

మెడ కింది గుంటలో స్టెతస్కోపు ఆనిస్తే
సన్నని ఈల,
ఇరుకు సందులో దూరలేక గాలి గొణిగినట్టు.

నీ ఒళ్లే నీ రక్తనాళాన్ని పరాయిదనుకుంటా ఉంది, అన్నాను.
"మా ఇంట్లో గూడా అంతే మేడమ్."
జబ్బు పేరు జపానుది, తకాయసు.
ఆధార్ జిరాక్సు వెనక 'తకతక' అని రాసుకునింది.
నాడి దొరకని జబ్బుకు
పేరులో తాళం.

పొయ్యేదారిలో కొర్లగుంటలో ఆగి
నర్సుకు చెప్పిందంట: "మిషను మంచిదే అక్కా."

మాత్రలకు ముఖం ఉబ్బింది.
తలలను ఇప్పుడు మోకాళ్ల మధ్య ఆనించుకుంటుంది.
నెలకోసారి వచ్చి, అడక్కముందే
ఎడమచెయ్యి చాపుతుంది.
నేను కళ్లు మూసుకుని వెతుకుతాను.

పోయిన బుధవారం
వేళ్ల కింద ఏదో, చీమ నడిచినట్టు.
నాదో, ఆమెదో.
చెప్పలేదు.
వెనక చీటీలవాళ్లు గొణుగుతా ఉంటే
ఇంకో నిమిషం పట్టుకునే ఉన్నాను.