తీసివేత

రాత్రి రెండుంబావు. సదర్లాండ్ కొండ మీద
గుమ్మటం తెరవగానే గాలి మొహాన కొడుతుంది
తడిసిన గొర్రెబొచ్చు వాసనతో.
కింద ఎక్కడో నూనె లేక మూలుగుతోంది గాలిమర.
అది మా ఆబ్రామ్ చిన్నాన్నది.
బాగుచేస్తానని మూడేళ్ళుగా అంటున్నాడు.

నా పని పెద్దదేం కాదు.
కెమెరా కడుపు చల్లగా ఉందో లేదో చూడటం.
చల్లగా అంటే, సున్నాకి రెండొందల డిగ్రీల కిందన.
ఏమాత్రం వెచ్చబడినా
తన ఒంటివేడిని తనే చూసుకుని
అదే వెలుగనుకుంటుంది.
(ఇలాంటివాళ్ళు మా ఊళ్ళోనూ ఉన్నారు. పేర్లెందుకు.)

చిగుసా నొమోతోది కగోషిమా.
వాళ్ళ ఊరిమీద అగ్నిపర్వతం బూడిద రాలుస్తుందట.
బట్టలు ఆరేసే ముందు
గాలి ఎటు వీస్తోందో చూస్తారట అక్కడి ఆడవాళ్ళు.
"అందుకేనేమో ధూళిని చదువుకున్నాను" అంది,
రాయిబోస్ టీలో మూడో చెంచా చక్కెర వేసుకుంటూ.

జూలైలో పాలపుంత నడుము మా నడినెత్తిన ఉంటుంది.
అందులో నల్లటి చారలు.
గొర్రెలు తొక్కిన దారులనేది మా అవ్వ.
దారులు కావు, అడ్డుగోడలంది చిగుసా.
ఆ వెనకనుంచి బయల్దేరిన లక్ష కోట్ల కిరణాల్లో
కంటికి చేరేది ఒక్కటంటే ఒక్కటి.
అదే ఎరుపు దాటిన వెలుగైతే
పదింట్లో ఒకటైనా గట్టెక్కుతుంది.
అంగ పొడుగు దానిది,
రేణువుల్ని దాటుకుంటూ వచ్చేస్తుంది.
కళ్ళల్లో దుమ్ము కొట్టాడని ఉన్ని వ్యాపారిని తిట్టుకుంటాం గానీ
ఆకాశం కొట్టినంత ఎవడు కొట్టాడు మనకి?

మేం చూసే చుక్కకి పేరు లేదు. నూట పద్నాలుగు, అంతే.
ముసలి ఎర్ర చుక్క.
ఉబ్బుతుంది, తగ్గుతుంది;
ఒక ఊపిరికి మూడొందల ముప్ఫై ఒక్క రోజులు.
ఊపిరి వదిలినప్పుడల్లా ఇంత మసి.
తనమీద తనే దుమ్మెత్తి పోసుకుని
ఆ దుమ్ములోనే దాక్కుంటుంది.

ఒక బొమ్మ తీస్తాం. వెంట్రుకవాసి జరుపుతాం. మళ్ళీ తీస్తాం.
దీంట్లోంచి దాన్ని తీసివేస్తాం.
రాత్రి నల్లగా ఉంటుందని అనుకుంటారు,
ఈ కంటికి ఆకాశమంతా ఆరని పొయ్యి.
పొయ్యిని తీసేస్తే మిగిలేది చుక్క.

తెరమీద తొమ్మిదేళ్ళ చుక్కలు వరసగా
ఎక్కి, దిగి, ఎక్కి,
ఒకచోట తెగిపోయాయి.
కిందటేడాది చలికాలం, పదకొండు రాత్రులు.
"అప్పుడే ఏదో జరిగింది" అంది చిగుసా.
"ఇక్కడ దిగుతూ ఉంది, అక్కడికొచ్చేసరికి సగానికి సగం లేదు.
పెద్ద మసిమబ్బే వదిలుంటుంది. ఎప్పుడో తెలీదు.
మంచు పడిందన్నారుగా."

పుస్తకంలో ఉన్నది నా అక్షరమే: మంచు.
పదకొండుసార్లు: మంచు, మంచు, మంచు.

టీ చల్లారిపోయింది.
నేను చెప్పాను.

మంచు పడింది రెండు రాత్రులే.
మూడోనాడు ఆకాశం అద్దంలా ఉంది.
ఆబ్రామ్ చిన్నాన్న మంద లోయలో కూరుకుపోయిందంటే
పార పట్టుకుని పోయాను.
శీతల యంత్రం చప్పుడు ఆగిపోయిందని
పైన వినేవాళ్ళు లేరు.
తిరిగొచ్చేసరికి కెమెరా గది వేడికి వచ్చేసింది.
మళ్ళీ చల్లబరచడానికి పట్టింది మిగతా వారమంతా.
ఉద్యోగం పోతుందని
మంచునే పొడిగించాను.

తిడుతుందనుకున్నాను.
కూలర్ టకటక కొట్టుకుంటోంది.
చిగుసా పుస్తకం తనవైపు తిప్పుకుని
తొమ్మిది మంచుల మీద పెన్సిల్ గీత గీసింది,
కింది మాట కనబడేంత పల్చగా.
"ఎన్ని బతికాయి?"
"పద్ధెనిమిది."
ఎన్నిట్లో అని అడగలేదు.
అంచున రాసుకుంది: పద్ధెనిమిది, ఫ్లోరిస్.

తర్వాత లేచి
తర్వాతి బొమ్మకి టెలిస్కోపు జరపమంది.
జరిపాను.