దిగువ పక్క

సూర్‌లో, పాత పడవలు ఒరిగి పడుకునే పాయ ఒడ్డున
ఖల్ఫాన్ దుకాణం.
చేపల బోట్ల రేడియోలు విప్పుతాడు, ఉప్పు గీకుతాడు, బిగిస్తాడు.
శుక్రవారం మధ్యాహ్నాలు నేనక్కడే.
క్యాంపులో నాది పైమంచం,
రేకుల కప్పుకీ నా ముక్కుకీ మధ్య జానెడు ఎండ.

మూలన టెలిప్రింటర్. దున్నపోతంత ఇనుము.
దానికి తెలిసినవి రెండే కూతలు:
మార్కు, స్పేసు.
నడుమ నూట డెబ్బై హెర్ట్జ్.
మా అమ్మ పిలిచే గొంతుకీ తిట్టే గొంతుకీ
అంత తేడా కూడా ఉండేది కాదు.

మొదటిరోజు డయలు నేనే తిప్పాను.
సూది కుడిగోడకి కొట్టుకుంటోంది, అంత గట్టి సిగ్నల్.
కాగితం మీద మాత్రం
కోడి కెలికిన పిండి.
"ఇదే భాష?" అన్నాను.
ఖల్ఫాన్ నవ్వలేదు.
"అతను చెప్పేది దిగువ పక్కకి. నువ్వు వినేది ఎగువ పక్కలో.
గాలిలో పైనున్న మార్కు చెవిలో కిందికి రావాలి.
నీకు రాలేదు."
మా మధ్య నడిచేది సగం హిందీ, సగం అరబ్బీ.
పక్క అన్న మాట నేను వేసుకున్నదే,
నిద్రపోయే పక్క కూడా అందులోనే ఉందని
అప్పుడు తట్టలేదు.

ఒక్క మీట. ఖట్.
ఆర్ వై ఆర్ వై ఆర్ వై.
అయిదు గడులు బోర్లిస్తే ఆర్ కాస్తా వై అవుతుందట,
వై మళ్ళీ ఆర్.
ఆ తర్వాత, ఎక్కడో చలిదేశపు మనిషి:
ఇక్కడ మంచు. కుక్కకి జ్వరం. మీకెలా ఉంది.

ఈ బ్యాండులో గొంతుతో మాట్లాడేవాళ్ళంతా ఎగువనే ఉంటారు కదా,
ఈ టకటకలు ఒక్కటే దిగువన ఎందుకని అడిగాను.
ఖల్ఫాన్ టీలో కాడ తీసి పారేశాడు.
"ఎవరో మొదట అక్కడ కూర్చున్నారు.
వెనక వచ్చినవాళ్ళు లేపలేదు."

ఇంకోటి చూపించాడు.
దూరాన మెరుపు మెరిస్తే ఒక గుర్తు రాలిపోతుంది,
అంకెలు అక్షరాలైపోతాయి.
అయిదు తొమ్మిది తొమ్మిది అని పంపితే
టీ ఓ ఓ అని పడుతుంది.
పాతకాపులు మళ్ళీ పంపమని అడగరు.
చదివేసుకుంటారు.

కింది మంచం ఎల్లప్పది. మెట్‌పల్లి మనిషి.
ఏడు నెలలు ఆయనంటే నాకు పడలేదు.
పొమ్మంటాడు. వద్దంటాడు. ఏం లేదంటాడు.
మొన్న గిన్నెలో ఒక్క చేపముక్క మిగిలితే
"నాకు ఆకలైతలేదు, నువ్వే తిను" అని గోడకి తిరిగాడు.
పొగరనుకుని తినేశాను.
రాత్రి కింద ఆయన కడుపు చప్పుడు చేసింది,
చాలాసేపు.

నిన్న కరెంటు సగమే వచ్చింది.
ఏసీ లేదు. ఇద్దరికీ ఒకటే టేబుల్ ఫ్యాను.
"నీ దిక్కు తిప్పుకో, నాకు సలి పెడ్తుంది" అన్నాడు.
సూర్‌లో. జూన్‌లో. చలి.
చీకట్లో వెతికి
ఫ్యాను మెడ కిందికి వంచాను. ఖట్.

"చెప్తే సమజ్ గాదారా నీకు" అని తిట్టాడు.
ఒక్కక్షరం పోకుండా అందింది.