తుప్పు కడెం

కోరంగి మడ అంచున
నూకరత్నం పెద్దమ్మ పీతల బుట్ట దించే చోట
ఒండ్రులోంచి జానెడు తేలిన గుంజ,
దానికో తుప్పు కడెం.
ఓడల్ని కట్టేవారట.
ఇప్పుడామె చెప్పుల జత తగిలిస్తుంది,
బురద అంటకుండా.

"సముద్రం ఎంత దూరం పెద్దమ్మా?"
"పోటుకైతే మోకాలిదాకా వత్తాది.
పాటుకైతే రెండు చుట్టల దూరం."

రేవు మునిగిపోలేదు. పూడిపోయింది.
పాపికొండల కిందనుంచి
టేకు దుంగలు మోసుకొచ్చిన గోదారే
ఏటా ఇంత మట్టి
అదే చేత్తో తెచ్చి పోసింది.

తాళ్ళరేవులో మా తాత
పలకల సందుల్లో నార కూరి గుగ్గిలం పూసేవాడు,
గోళ్ళు నల్లబడేలా, కళ్ళు మండేలా.
చుక్క నీరు లోపలికి రాకూడదు, అంతే ఆయన బతుకు.
నీళ్ళే లేచి వెళ్ళిపోతాయని
ఆయనకెవరూ చెప్పలేదు.

హోప్ దీవి అవతల
ఏదో గ్యాసు ఓడ లైట్లు వేసుకుని నిలబడింది.
తెరచాప లేదు. ఊగడమూ లేదు.

చీకటి పడుతోందని
పెద్దమ్మ చెప్పులు తీసుకుంది.
కడెం కాసేపు కిర్రుమని ఊగింది,
రంగం నుంచి ఇంకా
ఒక్క ఓడ రావలసి ఉన్నట్టు.