తెగిన యకారం

నరసాపురం మెయిన్ రోడ్డులో మా ప్రెస్సు.
వెనకగదిలో మిషను, ముందుగదిలో కంప్యూటరూ నేనూ,
వానాకాలం తేమ పీల్చి వంకర తిరిగే కాగితం కట్టలూ.

ఒడుగు ఏడుకొండలు గారు రశీదు పుస్తకం తెరిచి
వేలు పెట్టి చూపించారు.
ఒక లైను చివర "మత్స్",
కింది లైను మొదట "యకార సహకార సంఘం".
"మా సంఘాన్ని మధ్యకి నరికేశావేంటమ్మా,
పులస తల ఒకరికీ తోక ఒకరికీ వేసినట్టు!"
ఇరవై పుస్తకాలు. ఆ డబ్బు నా జీతంలోంచి పోయింది.

తప్పు నాది కాదు, పేజీలు కూర్చే ప్రోగ్రాముది.
దాని లోపలి రాత తెరిచే ఉంటుందట,
ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు.
దిద్దొచ్చు గానీ
దిద్దినదాన్ని ఇంకొకరు చూడాలి.

పదకొండు రాత్రులు కూర్చుని
నాలుగు వరసలు రాశాను:
పొల్లు కనబడితే అక్కడ లైను తెంచకు. అంతే.
పంపించాను. లాకుల్లో నీటిమట్టం సమమయ్యేదాకా
ఆగిన పడవలా ఉండిపోయాయవి.

మూడో రోజు జవాబు. ఇల్వా అట పేరు.
ఏ దేశమో, అక్కడప్పుడు పగలో రాత్రో.
"నాకు ఈ లిపి రాదు.
ఇక్కడ ఎందుకు తెంచకూడదో చెప్పగలరా?"

ఎందుకేమిటి!
ఒకటో తరగతి పిల్లనడిగినా చెబుతుంది.
కీబోర్డు మీద చెయ్యి వేశాక తెలిసింది,
నాకూ రాదని.
తెంచకూడదని తెలుసు. ఎందుకని
నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు.
రాశాను, కొట్టేశాను, మళ్ళీ రాశాను:
తకారం కింద సకారం, సకారం పక్కన యకారం,
మూడింటికీ ఊపిరి ఒకటే.
ఒకదాన్ని కదిపితే మూడూ కదలాలి.

మర్నాడు ఇంకో ప్రశ్న.
"మరి పదమే పొల్లుతో ముగిస్తే?"
ఎక్కడ వెతికిందో ఏమో, పక్కనే
అక్షరం రాని మనిషి అతికించిన అక్షరాలు:
"పాలకొల్లు బస్ స్టాండ్ దగ్గర".
నడిపి చూశాను.
బస్ స్టాండ్‌నీ, స్టాండ్ దగ్గరనీ పట్టుకుని వదలక
మార్జిన్ దాటి, కాగితం అంచు దాటి
గట్టు తెగిన కాలవలా పోయింది లైను.
నా నాలుగు వరసల నిర్వాకం.

చిన్నప్పుడు మేరమ్మత్త దగ్గర లేసు అల్లేదాన్ని.
అల్లింది కిటికీ వెలుగుకి ఎత్తి పట్టేది,
ఏమీ అనేది కాదు,
తప్పిన కన్ను దగ్గర దారం పట్టి లాగేది.
మూడు రోజుల పని ఒళ్ళో ఉంగరాలుగా రాలేది.
ఇల్వా దారం లాగలేదు.
కొస ఎక్కడుందో చూపించి ఊరుకుంది.
(ఆడమనిషే అనుకున్నాను అప్పటికి. ఇప్పటికీ తెలీదు.)

నాలుగు వరసలు తొమ్మిదయ్యాయి, తర్వాత ఆరు.
పదిహేడు టెస్టులు రాశాను.
ఒకచోట పేరు మార్చమంది,
ఒకచోట వరస చివరి ఖాళీ తీసెయ్యమంది.
ఖాళీలో కూడా తప్పుంటుందా అని నవ్వుకుంటూ తీసేశాను.
ఒక్కదానికి మాత్రం ఒప్పుకోలేదు.
ఇది ఇలాగే ఉండాలి, కారణం ఇదీ, అని రాశాను.
"నిజమే. మీదే సరి" అని వచ్చింది.
గ్లాసులో టీ తొరక కట్టేదాకా
ఆ మాటే చూస్తూ కూర్చున్నాను.

కలిపేశారు.
రాసినవారు: బర్రి సువార్త.
చూసినవారు: ఇల్వా.

ఏడుకొండలు గారు కొత్త పుస్తకాలు తీసుకెళ్ళారు.
నెంబర్లు వరసగా ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకున్నారు.
మత్స్యకార వైపు చూడనే లేదు.
కుదురుగా ఉన్నదాన్ని ఎవరు చూస్తారండీ.

నిన్న ఒక మార్పు నా దగ్గరికి వచ్చింది, చూడమని.
ఎవరో కుర్రాడు, ఏవో కొండల భాష,
గేలాల్లాంటి అక్షరాలు.
మొదటి చూపులోనే పట్టేశాననుకున్నాను.
"ఇది తప్పు" అని కొట్టాను, ఇంకా పంపలేదు,
కరెంటు పోయింది.
వెనకగదిలో మిషను సగం కాగితం నోట్లో పెట్టుకుని ఆగింది.
చీకట్లో కాసేపు కూర్చున్నాను.

వచ్చాక మొదటినుంచి రాశాను:
"నాకు ఈ లిపి రాదు."