బక్రం కాలరు

పల్లికాయ సీజన్ల తెచ్చిండు.
వనపర్తి మార్కెట్ యార్డుల
రేకుల మీదికెల్లి జారి, బస్తా కింద పడ్డదంట.
అంగి జేబుల నుంచి తీసి
నా కుట్టుమిషిన్ బల్ల మీద పెట్టిండు.
ముందరి కాళ్లు బల్లను గుంజుతున్నయి.
వెనకవి రెండూ
తెంపి ఇడిచిన దారప్పోగుల్లెక్క పడి ఉన్నయి.

ఈపు మీద చాక్‌పీసుతో గీసినట్టు మూడు గీతలు.
గీతలు ఆగే కాడనే నడుము ఇరిగింది.
గీత ఆగిన కాడ కత్తెర ఆపుడు నాకు తెలుసు.
అవతల ఏం చెయ్యాల్నో ఎవరూ నేర్పలే.

పేరు గుండీ.
ఊడిన గుండీని ఎవరన్న పారేస్తరా,
డబ్బాల ఏసి దాస్తం.

పది దినాలకు వాసన మొదలైంది.
ఉచ్చ వచ్చేది దానికి తెల్వదు,
తడిలనే పంటది.
కడుపు కింద బొచ్చు రాలి
తోలు ఉడికిన టమాట లెక్క.
పసుపు పూసిన.
మా అమ్మ నాకు అన్నిటికీ అదే పూసింది.
గుండీ కీచుమన్న అరుపుకు
పక్కింటి ఈశ్వరమ్మ చేతిల చాటతోనే ఉరికొచ్చింది.
ఆ రాత్రంత నా వేళ్ల పచ్చదనం
నాకే కనబడుకుంట ఉండె.

గొడ్ల దవాఖానల కాంపౌండర్ వాజిద్ సాబ్
అద్దాలు ముక్కు మీదికి దించి చూసిండు.
"బర్రెకు చెప్తనమ్మా, గొర్రెకు చెప్త,
పది తులాలు లేని దీనికి నా కాడ కొలత లేదు."
అన్నడు గని, నేను కదలకపోయేసరికి
మెల్లగ చెప్పిండు:
మందు కంటె ముందు తడి ఆపు.
గోరువెచ్చని నీళ్లు.
రుద్దకు, అద్దు.
పూటపూటకు పొత్తికడుపు వత్తి నువ్వే పోయించు.
పౌడరొద్దు.
ఏది పూసినా నాకుతది, నాకనియ్యకు.

ఎంత వత్తాలె?
అది చెప్పలే.
సీతాఫలం పండిందో లేదో చూడనీకి
ఎంత వత్తుతమో అంత,
ఇంకా కొంచెం తక్కువ.
నాలుగో నాటికి వేలికే తెలిసింది.
లోపల రేగుపండంత ఉబ్బు
మెల్లగ దిగిపోతది,
ఇద్దరం ఊపిరి ఇడుస్తం.

ఉతికి ఉతికి మెత్తబడ్డ నారాయణపేట చీర
అంచు గీరుకుంటదని కోసేసి
ఇరవై నాలుగు గుడ్డలు చేసిన.
పొద్దుకు ఆరు మారుస్త.
జాకెట్లకేసే బక్రంతోని కాలరు కుట్టిన.
కొలతల బుక్కుల
టీచరమ్మ జాకెట్టుకూ పోస్టాఫీసామె లంగాకూ నడుమ
ఒక లైను:
గుండీ, మెడ రెండున్నర అంగుళాలు.
నడుము రాయలే.

"నడుస్తదా ఇది?" ఈశ్వరమ్మ రోజూ అడుగుతది.
నడవదు.
అడుగుడు ఆమె మానదు, చెప్పుడు నేను మాన.

కుర్మయ్య రాత్రి తొమ్మిదింటికి వస్తడు.
ఇరవై ఏండ్ల బస్తాలు.
గోనె రాసి రాసి కుడి భుజం
చలికి పగులుతది, ఎండకు మండుతది.
నూనె గిన్నె తెస్తే
"హమాలోని తోలుకు ఏమైతదే" అని
టవాలు కప్పుకుంటడు.
అడుగుడే మానేసిన, ఎన్నేండ్లాయెనో.

నిన్న గుండీని ఒడిల పండబెట్టి అద్దుతున్న.
ఎరుపు తగ్గింది.
పుండు అంచుకు పీకో చేసినట్టు
సన్న బొచ్చు.
వేలి కొసకు కొబ్బరినూనె.
అది ముందరి కాళ్లతోని పల్లిగింజ పట్టుకొని
కాలరు లోపల్నే కొరుకుతున్నది, నా లెక్కే లేనట్టు.
ఆయన గోడకు ఒరిగి చాయ తాగుతున్నడు.
చూస్తనే ఉన్నడు.
గ్లాసు కింద పెట్టిన సప్పుడు.
టవాలు తీసి, మొకం అటే ఉంచి,
ఈపు నా దిక్కు తిప్పి
"మిగిలితే…" అన్నడు.

లేచి ఇంకో గిన్నె నీళ్లు వెచ్చబెట్టిన.
రుద్దలే.
పళ్లు బిగబట్టి ఆయన గుండీని చూస్తున్నడు,
బక్రం లోపల్నుంచి అది ఆయనను.