రోగికి మీరేమవుతారు

దాల్యెన్ ట్రాముకి ఆ రోజుల్లో రెండు గొంతులు.
ఒకటి గంట. రెండోది నేను.
"తోంగ్‌జి, లోపలికి జరగండి.
తోంగ్‌జి, చిల్లర తీయండి.
ఆ క్యాబేజీ బస్తా కాళ్ళ మధ్య పెట్టుకోండి, తోంగ్‌జి."
రష్యావాళ్ళు తవారిష్ అన్నట్టు,
ఇంకొన్ని దేశాల్లో కామ్రేడ్ అన్నట్టు,
ఆఫీసరుకీ, బొగ్గు మోసేవాడికీ ఒకటే పిలుపు,
అందరికీ ఒకటే నీలం కోటు ఉన్నట్టు.

నిన్నూ దాంతోనే పిలిచాను,
ల్వాన్ ఫంగ్‌ష్యా, బండి నడిపే పిల్లా,
చేతులకి తెల్ల తొడుగులు,
మెడ వెనక ఎప్పుడూ ఒక గ్రీజు మరక.
"తోంగ్‌జి, పోనీ" అనేదాన్ని వెనక తలుపు దగ్గర్నించి.
నువ్వు తిరిగి చూసేదానివి కావు.
అద్దంలో ఒక కనుబొమ్మ లేచేది.
బండి కదిలేది.

రోజుకి నూరుసార్లు బండెడు జనం విన్నారు ఆ మాట.
ఒక్కరి చెవినా పడలేదు.

హాస్టల్లో, ఎనిమిది మంచాల గదిలో,
కాళ్ళు గడ్డకట్టాయంటూ నా దుప్పట్లో దూరావు.
"పాపం, తోంగ్‌జి ల్వాన్‌కి చలెక్కువ"
అంది పై మంచం ఆవిడ.
పదకొండేళ్ళు నీకు చలెక్కువే.
జూన్‌లో కూడా, కొంచెం.

ఇంకొకటి చెప్పాలి. చెప్పకపోతే ఇదంతా అబద్ధమవుతుంది.
రిపేరు షెడ్డు కుర్రాడు బీ యెన్‌ఫు,
ఎవరో నావికుడితో దొరికాడన్నారు.
మీటింగు పెట్టారు. బల్ల మీద టీ చల్లారిపోయింది.
"ఇతను ఇకమీదట తోంగ్‌జి కాడు" అని చదివారు.
ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నారు.
నేనెత్తాను.
రెండు వరసల ముందు తెల్ల తొడుగు ఒకటి లేచింది,
నెమ్మదిగా, సిగ్నల్ పడ్డట్టు.
ఆ రాత్రి నీకు చలి వెయ్యలేదు.

తర్వాత నీకు పెళ్ళయింది. నాకూ అయింది.
ఆ సంగతులు వేరే కాగితం మీద రాస్తాను,
లేదా రాయను.

మాట అరిగిపోయింది. ఊళ్ళో అందరూ బాసులయ్యారు.
చేపలమ్మే ఆవిడ నన్ను "అందగత్తె" అని పిలిచింది, డెబ్భై ఏళ్ళప్పుడు.
మందుల షాపులో అలవాటు కొద్దీ
"తోంగ్‌జి, బీపీ మాత్రలు" అన్నాను.
కుర్రాడి మొహం కందగడ్డయింది.
వెనకున్న ఇద్దరు ఆడపిల్లలు కిసుక్కుమన్నారు.

చెల్లెలి మనవడు చెవి గోక్కున్నాడు.
"ఇప్పుడలా అనకూడదు నానమ్మా.
ఇప్పుడు తోంగ్‌జి అంటే
మగవాణ్ణి ప్రేమించే మగవాడు. ఆడదాన్ని ప్రేమించే ఆడది.
హాంకాంగ్ వైపు వాళ్ళు మార్చారట,
కొంత వేళాకోళానికి, కొంత ధైర్యానికి."
నా చేతిలో ఉల్లికాడలు, సింకులో నీళ్ళు.
"కోపమొచ్చిందా?"
నవ్వో, ఏమిటో, సింకు పట్టుకుని నిలబడ్డాను.
మార్చారా? ఎవర్రా మార్చింది?
నా నోట్లో దానికి మరో అర్థం ఎప్పుడుందని!
అప్పుడు గుర్తొచ్చాడు బీ యెన్‌ఫు.
ఏ మాట వాడి దగ్గర్నించి లాక్కున్నామో
ఆ మాటే ఇప్పుడు వాడి పేరు.
తీసుకోడానికి వాడెక్కడున్నాడో.

మొన్న ఆస్పత్రి ఫారంలో ఒక గడి:
రోగికి మీరేమవుతారు.
నీ కొడుకు షెన్‌జెన్ నుంచి రేపు గానీ రాడు.
రెండక్షరాలు రాశాను.
మొదటిది 'ఒకటే' అని. రెండోదాని అడుగున
హృదయం ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు.
నర్సు రెండుసార్లు చదివింది.
నా తెల్లజుట్టు చూసింది, పాత అర్థం అనుకుంది.
నా చెయ్యి చూసింది, పెన్ను ఇంకా వదల్లేదది.
ఏమీ అడగలేదు.
కుర్చీ తెచ్చి నీ మంచానికి ఆనించి వేసింది.

కిటికీ బయట సముద్రపు మంచు.
నీ మెడ వెనక మరక లేదు, ఎవరో శుభ్రంగా తుడిచారు.
వంగి అన్నాను, టికెట్లన్నీ ఇచ్చేశాక అన్నట్టు,
"తోంగ్‌జి, పోనీ."
కనుబొమ్మ లేచిందో లేదో.
అద్దం లేదు.
నా కళ్ళకి ఆనలేదు.