చేతివాటం

గ్రిమ్స్‌బీలో రాత్రి షిఫ్టు దిగి వచ్చాక
బూట్లకింకా చేప పొలుసులుండగానే
మూడున్నరకి ఒక ప్రశ్న టైపు చేశాను.
ఎడమవైపు, చిక్కుడు గింజంత గడ్డ గురించి.
మా ఆయనకు చెప్పలేదు. చెల్లెలికి చెప్పలేదు.
పైకి అని నాకు నేను కూడా చెప్పుకోలేదు.

మూసే ముందు అన్నీ తుడిచాను,
కుకీలు, హిస్టరీ, వెతికిన మాట.
అసలు తెరిచిందే ప్రైవేటు కిటికీ.
అంట్లు తోమి బోర్లించినట్టు
లాప్‌టాప్ బోర్లించి పడుకున్నాను.

మధ్యాహ్నం లేచి వాన పడుతుందేమో చూద్దామని తెరిస్తే
మబ్బు బొమ్మ పక్కనే, నవ్వుతూ, ఒక జీవిత బీమా.
"మీ వాళ్ళ గురించి ఆలోచించారా?"

ఫ్రీమన్ స్ట్రీట్ మార్కెట్లో ఫోన్లు బాగుచేసే గారెత్
స్క్రూడ్రైవర్ చెవి మీద దోపుకుని చెప్పాడు:
వాళ్ళు నీ పేరడగరు.
నీ మిషన్‌ని పక్కకి పిలిచి ఓ బొమ్మ గియ్యమంటారు,
నీకు కనపడని కాగితం మీద.
నాలుగక్షరాలు, కాస్త రంగు, ఒక వంపు. రెప్పపాటు పని.
ఒక్కో మిషన్ ఒక్కోలా గీస్తుంది,
అంచు దగ్గర వెంట్రుకవాసి తేడా.
ఆ చేతివాటం చాలు వాళ్ళకి.
"నేల తుడిచావు సరే, నడక మార్చలేదుగా."

ఇంకా తవ్వాడు. తెర కొలత, గడియారం, లోపలున్న ఫాంట్లు.
ఆగాడు.
ఇదేంటి, ఈ ఉంగరాల జుట్టు రాత?

తెలుగు. మూడు ఫాంట్లు. నేనే ఎక్కించుకున్నాను,
చెల్లెలి ఉత్తరాలు గళ్ళుగళ్ళుగా కనిపిస్తుంటే.
"ఈ ఊళ్ళో ఇవి ఇంకెవరి దగ్గరుంటాయి?"
తలకట్టు, గుడిదీర్ఘం, వట్రుసుడి
వరసగా నిలబడి
నా మీద సాక్ష్యం చెప్పాయి.

మా నాయనమ్మ కాగితాల మీద నిశానీ వేసేది.
వేసేటప్పుడు ఎవరో ఒకరు ఆమె బొటనవేలు పట్టుకునేవారు.
సిరా అంటేది. కొంగుకి తుడుచుకునేది.
నేను బీఎస్సీ చదివిన నిశానీదాన్ని.
ఎన్నిచోట్ల వేశానో సిరాకే తెలీదు.

ఫ్యాక్టరీలో నా పనీ అదే, నిజానికి.
ప్రతి హాడాక్ పెట్టెకీ చీటీ అంటిస్తాను:
ఏ పడవ, ఏ నీళ్ళు, ఏ గంటకి పైకొచ్చింది.
చేప ఏమీ అనదు.

ఫాంట్లు తీసెయ్, గుంపులో కలిసిపోతావు, అన్నాడు.
ఆ రాత్రే తీసేశాను.
పొద్దున చెల్లెలి మాట వచ్చింది:

□□□□ □□□ □□□□?

ప్రశ్నార్థకం ఒక్కటే మిగిలింది.
టీ చల్లారేదాకా దాన్నే చూస్తూ కూచున్నాను.
మళ్ళీ ఎక్కించాను. మూడూ.
ఇంట్లో మిషన్ నాలాగే ఉండనీ.

నా ప్రశ్నని మాత్రం లైబ్రరీకి తీసుకెళ్ళాను.
కిటికీ పక్క నాలుగో నంబరు కంప్యూటరు,
సగం మీటల మీద అక్షరాలు అరిగిపోయాయి.
నా ముందు ఓ కుర్రాడు అద్దె గదులు వెతికాడు.
నా తరవాతి ముసలాయన, పావురాల పందేల కాగితం పట్టుకుని
వెనకే తచ్చాడుతున్నాడు.
ఎవరు కూచున్నా దానిది ఒకటే వాటం.
కుర్చీ వెచ్చగా ఉంది. చివరిదాకా చదివాను.

బయటికొచ్చి, గాలికి తలుపు చాటున నిలబడి
డాక్టరు ఆఫీసుకి ఫోన్ చేశాను.
పేరు?
హైమవతి.
ఆమెకి అర్థం కాలేదు.
ఒక్కో అక్షరం విడదీసి, నిదానంగా, రెండుసార్లు చెప్పాను.
అడిగింది గనక.